మాస్కు గది తాళం

గుణశేఖర్‌లో శ్రీసత్యకి ముందు కనిపించింది గడ్డం. మనిషి తర్వాత కనిపించాడు.

హార్బరు పక్కన ఓడలు బాగుచేసే ఒక ప్రైవేటు యార్డులో మాస్కు గది శ్రీసత్యది. రేకుల షెడ్డు చివర చిన్న గది, దానికో కిటికీ. పాత ఓడల రంగు గీకేవాళ్ళూ గ్రైండింగు చేసేవాళ్ళూ పొద్దున్నే ఆ కిటికీ ముందు లైను కట్టి మాస్కులు తీసుకోవాలి. సాయంత్రం అక్కడే అప్పగించాలి. సేఫ్టీలో డిప్లొమా చేసి కంచరపాలెం నుంచి స్కూటీ మీద వచ్చే ఈ అమ్మాయి, మాస్కు ఇచ్చిందంటే ఆ మనిషి ఊపిరికి తనే పూచీ అనుకునే రకం. కుర్రాళ్ళు ముందర మేడమ్ అనేవారు. వెనకాల మాస్కమ్మ అనేవారు.

ఆ రోజు లైనులో గడ్డం వంతు వచ్చింది. కొత్తగా చేరిన గ్రైండరు. రబ్బరు మాస్కు ఇమ్మన్నాడు. శ్రీసత్య అతని ముఖంకేసి ఒకసారి చూసి, గడ్డం గీసుకుని రమ్మంది.

సింహాచలం అప్పన్నకి మొక్కుందనీ, చందనోత్సవం దాకా కత్తి తగలకూడదనీ అతను చెప్పాడు. రబ్బరు అంచు చర్మానికి అతుక్కోవాలనీ, మధ్యలో వెంట్రుకలుంటే ఆ సందుల్లోంచి దుమ్ము దూరుతుందనీ ఆమె చెప్పింది. ఎవరి శాస్త్రం వాళ్ళు చెప్పుకుంటూ పోతూ ఉంటే వెనకాల లైను పెరిగింది.

"మీ అప్పన్న గడ్డం అడిగేడు గాని ఊపిరితిత్తులు అడగలేదు కదండీ" అంది చివరికి.

లైనంతా నవ్వింది. అతను నవ్వలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. వెనక నిలబడ్డ సాయిశంకర్ అతని భుజం మీద చెయ్యేశాడు.

"ఒగ్గీ బావా. మేడమ్‌తోటి ఇక్కడెవుడూ గెలవలేదు."

ఇంటికి పంపేస్తుందనుకుంటే, ఆమె లోపలికి వెళ్ళి పై అరలోంచి వేరే సరంజామా తీసుకొచ్చింది. నడుముకి బెల్టు, బెల్టుకి బ్యాటరీతో నడిచే చిన్న ఫ్యాను, ఫ్యానుకి ఫిల్టరు. అక్కణ్ణుంచి వీపు మీదుగా ఒక గొట్టం పైకి పోయి, తలంతా కప్పే హుడ్డులోకి గాలి పోస్తుంది. పవర్డ్ రెస్పిరేటర్. కుర్రాళ్ళు దాన్ని ఫ్యాను టోపీ అనేవారు. హుడ్డు వదులుగా ఉంటుంది కాబట్టి గడ్డంతో పేచీ లేదు. ఖరీదైనవి కావడంతో యార్డులో అవి కొద్దిగానే ఉన్నాయి.

"ముందు స్విచ్చి. తర్వాత తలకి. తిరగెయ్యకండి" అని, గాలి సరిగ్గా వస్తోందో లేదో చూసే గాజు గొట్టాన్ని పెట్టి చూపించింది. అందులో చిన్న బంతి ఉంటుంది. గాలి చాలినంత ఉంటే బంతి గీత దాటి పైకి లేస్తుంది. లోపల పని చేస్తుండగా పీప్ పీప్ అని మోగితే ఏం చెయ్యాలని అడిగింది.

హుడ్డు ఎత్తేసి బయటికి పరిగెడతానన్నాడు గుణశేఖర్.

ఎత్తకూడదనీ, పరిగెత్తకూడదనీ, హుడ్డు అలాగే ఉంచుకుని నడిచి బయటికి రావాలనీ చెప్పి, "వెనక్కి తిరగండి" అంది. గొట్టం బిగించి చూసి, బెల్టు ఒకసారి లాగి వదిలింది. అంతే. కాని గుణశేఖర్ ఆ రోజంతా గ్రైండరు మీద కంటే వీపు మీదే ధ్యాస పెట్టాడు.

సాయంత్రం మళ్ళీ తప్పు చేశాడు. ఓడ దిగగానే ఉక్కపోతకి హుడ్డు పీకేశాడు. శ్రీసత్య గదిలోంచి వచ్చి మరీ తిట్టింది. హుడ్డు తియ్యడం ఆఖరి పని. ఫ్యాను నడుస్తుండగానే వాక్యూముతో బట్టల మీది దుమ్ము లాగాలి. తడిగుడ్డతో హుడ్డు, గొట్టం, బెల్టు తుడవాలి. అప్పుడు హుడ్డు తీసి, ఆ తర్వాత స్విచ్చి ఆపాలి. చేతులూ ముఖమూ కడిగి, స్నానం చేసి, పనిబట్టలు ఇక్కడే వదిలెయ్యాలి. ఆ తర్వాతే టీ.

"ముందు టీ తాగితే ఏటౌద్ది?"

"చేతి మీది దుమ్ము టీతో పాటు కడుపులోకి పోద్ది. పనిబట్టలతో ఇంటికెల్తే ఇంట్లోవాళ్ళు కూడా తింటారు."

అతను తలూపాడు. మర్నాడు గొట్టం తుడవడం మర్చిపోయాడు. ఆ మర్నాడు బెల్టు మర్చిపోయాడు. చెయ్యి తిరిగిన పనివాడు రోజుకొకటి చొప్పున ఎందుకు మర్చిపోతున్నాడో శ్రీసత్యకి అర్థం కావడానికి కొంత కాలం పట్టింది. సాయిశంకర్‌కి మొదటిరోజే అర్థమైంది.

చందనోత్సవం వచ్చి వెళ్ళింది. మొక్కు తీరింది. గడ్డం మాత్రం గీయలేదు. అదేమని ఆమె అడిగితే, గీసేస్తే రబ్బరు మాస్కు ఇస్తారనీ, దానికి వెనక్కి తిరగమనే పని ఉండదనీ అన్నాడు. ఈసారి చెవులు ఎర్రబడ్డవి శ్రీసత్యవి.

ఆ తర్వాత మీరు పోయి నువ్వు వచ్చింది. సాయంత్రాలు ఆమె స్కూటీ, అతని పాత బైకు పక్కపక్కనే కాన్వెంట్ జంక్షన్ దాకా వెళ్ళేవి. ట్రాఫిక్ సిగ్నల్ దగ్గర ఎర్రదీపం పడితే ఇద్దరికీ పండగ.

అతనిలో ఆమెకి నచ్చని సంగతి ఒక్కటీ అప్పటికి కనిపించలేదు. మాట సరదా, పని శుభ్రం. ఒకరోజు ఒక కుర్రాడు దుమ్ముపట్టిన ఫిల్టరు తీసి కంప్రెసరు గాలితో ఊదుతుంటే, అది చూసి ఆమెకి కబురు చేసింది కూడా అతనే. శ్రీసత్య వచ్చి ఆ ఫిల్టరు లాక్కుని, ఇంకెవరూ వాడకుండా కాలితో తొక్కేసింది. అందరినీ నిలబెట్టి చెప్పింది. ఫిల్టరు ఉతికేది కాదు, దులిపేది కాదు, ఊదేది కాదు. గాలి తగ్గినా, తడిసినా, కింద పడి దెబ్బ తిన్నా కొత్తది వెయ్యడమే. ఊదితే కంటికి కనపడని చిల్లులు పడతాయి. చిల్లుపడ్డ ఫిల్టరులోంచి గాలి ఇంకా బాగా వస్తుంది, బంతి ఇంకా పైకి లేస్తుంది. గాలి బాగుందనుకుంటూ దుమ్ము పీలుస్తారు.

గుణశేఖర్ ముందు వరసలో నిలబడి విన్నాడు.

వానలు మొదలైన ఒక ఆదివారం ఇద్దరూ బస్సెక్కి భీమిలి వెళ్ళారు. అతని ఊరు భీమిలికి లోపలగా ఉంది. చిన్నప్పుడు సముద్రం చూడ్డానికి సైకిలు మీద వచ్చేవాడట. లైట్‌హౌసు దగ్గర వాన పట్టుకుంది. గొడుగు ఒక్కటే. భీమిలి గాలికి అదీ తిరగబడింది. కాల్చిన మొక్కజొన్న పొత్తు తడిసిపోకుండా తన చున్నీ కింద పెట్టి, ఆమె మాత్రం నిలువునా తడిసింది. అతను నవ్వు ఆపుకోలేకపోయాడు.

"రోజూ పొద్దున్న నా యెనకాల సూసేది నువ్వే. ముందర కూడా నువ్వే సూసుకుంటే బాగుంటాది కదా" అన్నాడు.

"గొట్టం సరిగ్గా ఉంటే ముందర చూడక్కర్లేదు."

"పెళ్ళి సేసుకుందామంటన్నాను సత్యా."

ఆమె మొక్కజొన్న పొత్తు విరిచి, పెద్ద సగం అతనికిచ్చింది. తిరుగు బస్సులో అతని భుజం మీద నిద్రపోయింది.

ఇళ్ళల్లో చెప్పారు. గుణశేఖర్ పెద్దలకి అభ్యంతరం లేదు. శ్రీసత్య తల్లి మంగాయమ్మకి మాత్రం కాంట్రాక్టు గ్రైండరంటే మనసొప్పలేదు. పని నిలకడగా ఉండాలంది. సరిగ్గా ఆ సమయానికే యార్డులో అతన్ని సూపర్‌వైజరు చేశారు. మంగాయమ్మ మెత్తబడింది. అంతలో ఆమెకే పిత్తాశయంలో రాళ్ళని తేలి, పెద్దాసుపత్రి కేజీహెచ్‌లో ఆపరేషన్ చెయ్యాలన్నారు.

శ్రీసత్య సెలవు పెట్టింది. మాస్కు గది ఎవరు చూస్తారని మేనేజరుని అడిగితే, గుణశేఖర్‌కి అన్నీ తెలుసు కదా, తాళం అతనికిచ్చి వెళ్ళమన్నాడు. ఇవ్వడానికి ఆమెకి సందేహం కలగలేదు. ఆ యార్డులో ఆమె తాళం ఇవ్వగల మనిషి అంటూ ఉంటే అతనే.

అప్పుడే సరుకులు మోసే పాత బార్జి ఓడ ఒకటి బాగుకి వచ్చింది. దాని గదుల లోపలి గోడలకి వేసిన అడుగు రంగు ఎర్ర సీసం పెయింటు. గ్రైండరు తగిలితే సింధూరంలా లేస్తుంది. అది ఒంట్లో చేరితే రక్తంలోనూ ఎముకల్లోనూ తిష్ఠ వేస్తుంది. రబ్బరు మాస్కులు చాలవు, ఫ్యాను టోపీలే వాడాలనీ, ఫిల్టర్లు తొందరగా మార్చాలనీ శ్రీసత్య వెళ్ళేముందే గుణశేఖర్‌కి చెప్పింది. స్టోరులో ఉన్నవి కొన్నే. కొత్తవి ఆర్డరు పెట్టి ఉన్నాయి.

ఆసుపత్రి వరండాలోంచి రోజూ ఫోను చేసేది. తల్లి సంగతులయ్యాక ఒకటే ప్రశ్న, ఫిల్టర్లు వచ్చాయా అని. రెండు మూడుసార్లు ఇంకా లేదన్నాడు. ఒకరోజు వచ్చాయన్నాడు. స్టోరుకి రావడం ఆలస్యమైతే పక్క యార్డు నుంచి అప్పుగా తెచ్చానన్నాడు. శ్రీసత్య హాయిగా ఊపిరి పీల్చుకుంది. నర్సుతో కూడా చెప్పుకుంది, మా ఆయనకి కాస్త బుర్ర ఉందని. ఇంకా తాంబూలాలు కూడా మార్చుకోలేదు, మా ఆయన అనేసింది.

మంగాయమ్మ ఇంటికి వచ్చాక, ఆమె లేచి తిరుగుతున్న ఒక మంచిరోజు చూసి కంచరపాలెంలో ఇంటి డాబా మీదే నిశ్చయ తాంబూలాలు పుచ్చుకున్నారు. గుణశేఖర్ లేత పసుపు చొక్కా వేసుకుని వచ్చాడు. యార్డు వాళ్ళంతా వచ్చారు. సాయిశంకర్ భార్య ఆశాజ్యోతి, పెళ్ళికూతురి కంటే తనే ఎక్కువ సిగ్గుపడుతూ, తనకి మూడో నెల అని శ్రీసత్య చెవిలో చెప్పింది. సాయిశంకర్ విస్తట్లో సగం వదిలేశాడు. కొద్దిరోజులుగా కడుపులో పీకుతోందట, నోరంతా ఇనుము నాకినట్టుందట. పక్కవాళ్ళు ఆశాజ్యోతి వంట మీద జోకులేశారు. శ్రీసత్య కూడా నవ్వింది. ఆ నవ్వు ఆమెకి ఆ తర్వాత చాలా కాలం గుర్తుంది.

సోమవారం డ్యూటీలో చేరింది. బార్జి పని అప్పటికి అయిపోవచ్చింది. ఇన్నాళ్ళూ లేను కదా, అన్నీ ఒకసారి శుభ్రం చేద్దామని కూర్చుంది. ఫిల్టర్లు విప్పి, హుడ్డులు తుడిచి, గొట్టాల లోపల కడ్డీకి చుట్టిన తెల్లగుడ్డ పెట్టి తిప్పింది.

గుడ్డ ఎర్రగా వచ్చింది.

గొట్టం బయట దుమ్ము ఉంటే పని చేశారని అర్థం. లోపల ఉండకూడదు. లోపలినుంచి వెళ్ళేది ఫిల్టరు దాటిన గాలి, మనిషి పీల్చే గాలి. ఆమె రెండో గొట్టం తీసింది. అదీ ఎరుపే. ఒక ఫిల్టరు తీసి ట్యూబులైటుకి ఎదురుగా పట్టింది. మడతమడతల కాగితంలో అక్కడక్కడ సూదిమొన పాటి వెలుతురు.

స్టోరు చూసే హుస్సేన్ బాషా గారి దగ్గరికి వెళ్ళింది. పెద్దాయన, అబద్ధం ఆడడు. పక్క యార్డు నుంచి ఏవీ రాలేదనీ, ఆర్డరు పెట్టిన పెట్టె ఇంకా దారిలోనే ఉందనీ, ఆ సంగతి గుణశేఖర్‌కి చెప్పాననీ అన్నాడు.

వాన జోరుగా పడుతోంది. షెడ్డు కింద గుణశేఖర్ ఫోనులో పెళ్ళి కార్డుల డిజైన్లు చూస్తున్నాడు. ఆమెని చూడగానే ఒకటి చూపించబోయాడు. ఆమె చేతిలో ఉన్న గుడ్డ చూసి ఫోను దించేశాడు.

"ఫిల్టర్లు ఎక్కడివి గుణా?"

"సెప్పేను కదా. పక్క యార్డు..."

"బాషా గారినడిగేను."

అతను ఫోను జేబులో పెట్టుకున్నాడు.

"గాలి కొట్టేను" అన్నాడు.

తర్వాత ఒక్కొక్కటే చెప్పాడు. ఫిల్టర్లు అయిపోయాయి. బార్జి ఆగకూడదు, ఎలాగో చూసుకో, నువ్వే కదా సూపర్‌వైజరువి అన్నాడు మేనేజరు. కొత్తగా ఇచ్చిన కుర్చీ. తాంబూలాలు దగ్గర పడ్డాయి. పని ఆపితే కుర్చీ పోతుందేమో, కుర్చీ పోతే మంగాయమ్మ గారు ఏమంటారో. పాత ఫిల్టర్లు కంప్రెసరుతో ఊదాడు. తనూ అదే వేసుకుని దిగాడు.

"మనోళ్ళు అడిగేరు. బంతి పెట్టి సూపించేను. లెగిసింది. గాలి బాగా వత్తన్నాది అన్నారు."

బంతి ఎందుకు లేస్తుందో అతనికి తెలుసు. ముందు వరసలో నిలబడి విన్నాడు.

బార్జిలో దిగినవాళ్ళందరికీ వెంటనే రక్తపరీక్ష చేయించాలంది. అతను చేతులు పట్టుకున్నాడు. పెళ్ళి అయ్యేదాకా ఆగమన్నాడు. ఎవరికీ ఏమీ కాలేదు కదా, పరీక్ష అంటే ఎందుకని అడుగుతారు, అడిగితే బతుకు పోతుందన్నాడు. సాయిశంకర్ విస్తట్లో వదిలేసిన అన్నం ఆమె కళ్ళ ముందు కదిలింది.

"రేపు పొద్దున్న లైనులో నువ్వే చెప్పు. నువ్వు చెప్పకపోతే నాను చెప్తాను."

మర్నాడు అతను వచ్చాడు. అందరితో పాటే కిటికీ పక్కన నిలబడ్డాడు. నేల చూస్తూ ఉన్నాడు. ఒకరి తర్వాత ఒకరు వచ్చి చెయ్యి చాస్తున్నారు. శ్రీసత్య ఎవరికీ మాస్కు ఇవ్వకుండా అతనికేసే చూస్తూ ఆగింది. అతను నోరు విప్పలేదు. చివరికి ఆమె గదిలోంచి బయటికి వచ్చి వాళ్ళ మధ్య నిలబడి చెప్పింది. ఎవరు చేశారో కూడా చెప్పింది.

సాయిశంకర్ గుణశేఖర్ దగ్గరికి వెళ్ళాడు.

"బావా, బంతి సూపించింది నువ్వే కదా?"

సాయిశంకర్ జవాబు కోసం ఆగలేదు.

"పని తొందరని తానాలు కూడా మానిపించేవు. ఆ గుడ్డల్తోటే ఇంటికెల్లేను. మా ఆశ సేత్తోనే ఉతికింది" అని, అక్కడే నేల మీద కూర్చుండిపోయాడు.

పరీక్షల్లో అందరి రక్తంలోనూ సీసం తేలింది. గుణశేఖర్‌కీ ఉంది. అందరికంటే ఎక్కువ సాయిశంకర్‌కి. ఆశాజ్యోతికి కూడా ఉండాల్సినదానికంటే ఎక్కువే ఉంది. డాక్టరు మందులిచ్చాడు. మెల్లగా తగ్గుతుందన్నాడు. కడుపులో బిడ్డ సంగతి అడిగితే మాత్రం, పుట్టాక చూడాలి, పెరిగేకొద్దీ చూడాలి అన్నాడు. ఆ మాట విన్నప్పుడు ఆశాజ్యోతి శ్రీసత్య చెయ్యి వదిలేసింది. కోపంతో కాదు. పొట్ట మీద చెయ్యి వేసుకోవడానికి.

యార్డులో విచారణ జరిగింది. తాళం ఇమ్మన్నది తనేనని మేనేజరు ఒప్పుకోలేదు. గది నీది, తాళం నీది, ఎవరికిచ్చావు, ఎందుకిచ్చావు అని అడిగారు. శ్రీసత్య వాదించలేదు. నమ్మి ఇచ్చానంది. గుణశేఖర్‌ని ఆ రోజే తీసేశారు. ఆమె కాంట్రాక్టు అయిపోయాక మళ్ళీ రాయలేదు. ఎవరూ లేనప్పుడు హుస్సేన్ బాషా గారు వచ్చి, నువ్వు చేసింది సబబే బేటీ అన్నాడు. ఆయన కూడా ఆ మాట విచారణలో అనలేదు.

పెళ్ళి ఆగింది. తెంచుకోలేదు, ఆగింది. అతను ఎన్నిసార్లు ఫోను చేసినా ఆమె ఎత్తలేదు. ఒక్కొక్క సాయంత్రం కాన్వెంట్ జంక్షన్ దగ్గర ఎర్రదీపం పడితే, పక్కన బైకు ఆగిన చప్పుడుకి తల దానంతటదే తిరిగేది. ఎవరో ఉండేవారు. ఆకుపచ్చ దీపం పడ్డాక వెనకవాళ్ళు హారను కొడితే గాని కదిలేది కాదు.

కొన్నాళ్ళకి శ్రీసత్యకి ఒక ఆసుపత్రిలో ఉద్యోగం దొరికింది. క్షయ రోగుల వార్డులో నర్సులు వేసుకునే హుడ్డులు చూసుకోవడం, తుడిచే మందు ఎంతసేపు ఉంచాలో, ఫిల్టరు ఎలా మూసి పారెయ్యాలో నేర్పడం. నర్సులు తొందరగానే నేర్చుకున్నారు. ఆమె మాత్రం అందరి వీపులూ రెండేసిసార్లు చూసేది. తాళం ఎవరికీ ఇచ్చేది కాదు.

సాయిశంకర్‌కి కడుపునొప్పి తగ్గింది గాని వెనకటి మనిషి కాలేదు. కీళ్ళు పట్టేసేవి, ఊరికే విసుక్కునేవాడు. గ్రైండరు పని ఇక వద్దన్నాడు డాక్టరు. కంచరపాలెం రైల్వే గేటు దగ్గర ఆశాజ్యోతి పెట్టిన ఇడ్లీ బండి దగ్గర కూర్చుని పొట్లాలు కట్టేవాడు. చలికాలం చివర్లో పాప పుట్టింది. కొంచెం బరువు తక్కువ. నవ్వుతుంది, పాలు తాగుతుంది. డాక్టరు మాత్రం ఇప్పటికీ, చూద్దాం అనే అంటున్నాడు.

గుణశేఖర్ భీమిలిలో ఐసు ఫ్యాక్టరీలో చేరాడని ఆశాజ్యోతి చెప్పింది. పరీక్షకి వెళ్ళాల్సినప్పుడల్లా వచ్చి సాయిశంకర్‌ని తన బైకు మీద ఆసుపత్రికి తీసుకెళ్తాడట. సాయిశంకర్ దారి పొడుగునా ఒక్క మాట మాట్లాడడట. దించేశాక అతను బయటే నిలబడి, మళ్ళీ ఎక్కించుకుని వస్తాడట. ఒక్కసారి కూడా మానలేదట.

ఈ సంగతి మంగాయమ్మ చెవిన పడింది. ఆవిడ చాలా రోజులు ఆలోచించింది. మనిషన్నాక తప్పు చేస్తాడు, చేసినవాడు మొహం చాటేసి పోలేదు కదా అంది. ఆ కుర్చీ సంగతి తను అంతగా పట్టుకోకపోయి ఉంటే ఇంత జరిగేదా అని కూడా అంది. ఆ మాట అన్నప్పుడు ఆవిడ కళ్ళు తుడుచుకుంది. ఒక ఆదివారం తనే కబురు పెట్టి అతన్ని ఇంటికి పిలిచింది. మీరిద్దరూ ఒకసారి మాట్లాడుకోండి, నాకు సమ్మతమే అని చెప్పి, ఇద్దరికీ టీలు ఇచ్చి లోపలికి వెళ్ళిపోయింది.

వేసవి. డాబా మెట్ల మీద నీడ ఉన్నచోట కూర్చున్నారు. అతను చిక్కాడు. ఐసు పనికి వేళ్ళు పగిలి ఉన్నాయి. కింద పట్టాల మీద గూడ్సు బండి పోతోంది. అది పోయేదాకా ఆగాడు.

"ఆ రోజు లైనులో నానే సెప్పాల్సింది. నోరు రాలేదు. నువ్వు సెప్తంటే వినడం కంటే సచ్చిపోడం మేలనిపించింది" అన్నాడు. క్షమించమని అడగలేదు. సాయిశంకర్ దగ్గర అడిగాననీ, జవాబు రాలేదనీ, రాకపోయినా వెళ్తూనే ఉంటాననీ చెప్పాడు. "నీ మీద పేణం సత్యా. అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే."

శ్రీసత్యకి అతని పగిలిన వేళ్ళు పట్టుకోవాలనిపించింది. ఎంతగా అనిపించిందంటే, టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుంది.

"ఒకటి అడుగుతాను, నిజం చెప్పు. అప్పుడు నాను ఆస్పత్రిలో కాదు, మీతో పాటు బార్జిలోకి దిగాలనుకో. ఊదిన ఫిల్టరు నాకు పెట్టి పంపేవోడివా?"

అతను ఆలోచించలేదు. ఆ ప్రశ్నే తప్పన్నట్టు చూశాడు.

"నీకా? ఎందుకు పెడతాను? నువ్వు దిగాలంటే ఆ ఫిల్టరుతోటి అస్సలు దింపేవోణ్ని కాదు. మేనేజరు కాదు, ఎవుడొచ్చినా పని ఆపీసేవోణ్ని."

ఆ మాట అంటుంటే అతని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అందులో అబద్ధం లేదు. తన దగ్గరున్న ప్రేమంతా తీసి ఆమె ముందు పెట్టానని అతను అనుకున్నాడు. శ్రీసత్యకి కూడా అది ప్రేమేనని తెలుస్తూనే ఉంది.

"అయితే ఆపొచ్చన్నమాట" అంది మెల్లగా.

అతనికి వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యేసరికి ముఖం ఎండిపోయింది.

"ఆ బార్జిలో దిగినోళ్ళకి కూడా ఇంటి దగ్గర ఎవరో ఉన్నారు గుణా. ఆశాజ్యోతి ఉన్నాది."

తర్వాత అతను గ్లాసు మెట్టు మీద పెట్టి, మంగాయమ్మ గారికి చెప్పి వెళ్తానన్నాడు. వద్దు, నాను చెప్తానులే అంది శ్రీసత్య. అతను మెట్లు దిగాడు. బైకు మొదటి కిక్కుకి స్టార్టు అవలేదు. రెండోదానికీ అవలేదు. ఆమె పైనుంచి చూస్తూ నిలబడింది. మూడోదానికి అయింది.

మంగాయమ్మ చెయ్యి తుడుచుకుంటూ బయటికి వచ్చింది.

"ఏటన్నాడే?"

"నా మీద పేణమన్నాడమ్మా."

"మరింకేటి?"

"నిజమేనమ్మా. నా ఒక్కదాని మీదే" అంది శ్రీసత్య. "అందుకే వద్దని పంపీసేను."